పేరు తర్వాత గుర్తు

"నా కొడుకుని ఎవడయ్యా చంపింది?"

శౌరమ్మ గుడి ఆఫీసు గుమ్మంలో నిలబడి అడిగింది. చేతిలో నోటీసు బోర్డు మీంచి పీక్కొచ్చిన కాయితం. మూలలకి టేపు ముక్కలు ఇంకా వేలాడుతున్నాయి.

ఫిలిప్ కంప్యూటరు ముందు నుంచి గబుక్కున లేచాడు. బెజవాడలో సాఫ్ట్‌వేరు ఉద్యోగం అతనిది. శని, ఆదివారాలు హనుమాన్ జంక్షన్ దాటి లోపలున్న సొంతూరికి వచ్చి గుడి పనులు చూసిపెడతాడు.

"ఏమైంది పిన్నీ?"

"చదువు. నాకు చదువు రాకపోయినా పక్కింటి దానమ్మకి వచ్చుగా. నిన్న సాయంత్రం నలుగురిలో నిలబడి చదివిపెట్టింది."

కాయితంలో రెండు జాబితాలు ఉన్నాయి. పైది 'క్షేమము కొరకు', బతికున్నవాళ్ళకి. కిందిది 'ఆత్మశాంతి కొరకు', పోయినవాళ్ళకి. ఆదివారం పూజలో ఫాదర్ గారు ప్రార్థించవలసిన పేర్లవి. కింది జాబితాలో ఏడో పేరు జోయెల్.

మూడేళ్ళ కిందట చేపల లారీ మీద బెంగాలు వెళ్ళిన జోయెల్ తిరిగి రాలేదు. లారీ దొరికింది, మనిషి దొరకలేదు అన్నాడు ఓనరు. తండ్రి మరియదాసు పోయి ఇరవై రోజులు తిరిగి, ఒక్కడే వచ్చాడు. "జాడ లేదు" అన్నాడు. అంతే, ఆ తర్వాత ఆయన నోట్లోంచి మాట ఊడిపడటమే గగనమైపోయింది. శౌరమ్మ మాత్రం కొడుకు తిరిగి రావాలని ఏటా గుణదల మాత తిరునాళ్ళలో గుండు చేయించుకుంటోంది. ఇప్పుడు కూడా ఆవిడ తల మీద వెంట్రుకలు అంగుళమే ఉన్నాయి.

"శవాన్ని చూశావా నువ్వు? ఎవరన్నా చూశారా? చూడకుండా రాసేయడమేనా?"

"కూర్చో పిన్నీ. తప్పు నాదే అయ్యుంటుంది."

"నీ కంప్యూటరు చదువుకన్నా మా క్రిస్టినమ్మే నయం. ఆ పిల్ల ఇక్కడున్నన్నాళ్ళూ బతికున్నోళ్ళని ఒక్కర్నీ చంపలా." ఆవిడ కాయితాన్ని బల్ల మీద పడేసింది. "దానమ్మ ఆ మాట అనంగానే మీ బాబాయి అక్కడే కూలబడ్డాడు. రాత్రి ముద్ద ముట్టలా. అదుగో, బయట అరుగు మీద కూర్చున్నాడు చూడు. పిలిచినా పలకడు."

ఫిలిప్ కిటికీలోంచి చూసి తల దించుకున్నాడు. చెయ్యని హత్య చేసినట్టుంది అతనికి.

ఆఫీసు చూసే క్రిస్టినా పెళ్ళై మంగళగిరి వెళ్ళిపోయింది. పేర్లని రెండు జాబితాలుగా విడగొట్టడానికి ఆ పిల్ల వాడిన పాత షెల్ స్క్రిప్టు ప్రోగ్రాము తీసేసి, ఈ వారమే పైథాన్‌లో కొత్తది రాశాడు. బోర్డుకి ఒక కాపీ అంటించడమూ ఈ వారమే మొదలు. అంతకు ముందు కాయితం పీఠం మీద ఫాదర్ గారి ముందు ఉండేది. ఆయన దాన్ని పైకి చదవరు, మనసులోనే తలుచుకుంటారు.

పేర్ల ఫైలు తెరిచాడు. ఒక్కొక్కరికి ఒక్కో లైను. పోయినవాళ్ళయితే అడ్డగీత పెట్టి 'డి' అక్షరం కొట్టి, ఆ తర్వాత పేరు కొట్టాలి. ఆ గుర్తు లేకపోతే బతికున్నట్టు. జోయెల్ లైనులో మాత్రం పేరు ముందుంది. గుర్తు చివర్న ఉంది.

"దొరికింది పిన్నీ! పాత ప్రోగ్రాము గుర్తులు చూసుకుంటూ వచ్చి, పేరు తగలగానే ఆగిపోయేది. పేరు తర్వాత ఏం పెట్టినా దానికి పట్టదు. నేను రాసింది ముందున్నా, వెనకున్నా చదివేస్తుంది. అక్కడే వచ్చింది తంటా."

"ఏం గుర్తది?"

"పోయారని గుర్తు."

"నా బిడ్డ పక్కకి ఎందుకొచ్చింది? నేనొచ్చి పేరు చెప్పినప్పుడు క్రిస్టినమ్మ నా కళ్ళ ముందే కొట్టింది. క్షేమం కోసమేనా అని రెండుసార్లు అడిగింది కూడానూ."

"తర్వాతెప్పుడో ఇంకెవరికో పెట్టబోయి ఇక్కడ పెట్టుంటుంది. వేలు జారుంటుంది."

"మరి ఈ మూడేళ్ళూ..."

ఫిలిప్ పాత జాబితాలు ఒక్కొక్కటే తీసి చూశాడు. వారం తప్పకుండా జోయెల్ పై జాబితాలోనే ఉన్నాడు.

"మూడేళ్ళూ బతికున్నవాళ్ళలోనే ఉన్నాడు పిన్నీ. ఈ ఒక్క వారమే తప్పు పడింది."

"నే చెప్పలా!" శౌరమ్మ ముందుకు వంగి, తెర మీద కొడుకు పేరుని కొంగుతో తుడిచింది, మొహం తుడిచినట్టు.

ఫిలిప్ గుర్తు చెరిపేశాడు. కొత్త కాయితం తీశాడు.

"ముందు మీ బాబాయికి చూపించు నాయనా. నేను చెబితే నమ్మడు."

మరియదాసు అరుగు మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునున్నాడు. ఫిలిప్ పక్కన కూర్చుని కాయితం చాపాడు.

"దిద్దేశాను బాబాయ్. క్షమించు. ఉత్త పొరపాటు."

ఆయన కాయితం అందుకోలేదు.

"పాతది ఆ గుర్తు చదివేది కాదా? లోపల చెబుతుంటే విన్నా."

"చదివేది కాదు బాబాయ్."

"ఒక్కసారి కూడా?"

"ఒక్కసారి కూడా. మూడేళ్ళూ క్షేమం కోసమే ప్రార్థన జరిగింది."

మరియదాసు కళ్ళలోంచి బొటబొటా నీళ్ళు కారిపోయాయి. పోన్లే, గండం గడిచిందనుకున్నాడు ఫిలిప్.

గుడి గంట కొట్టారు. శౌరమ్మ మెట్లెక్కుతూ వెనక్కి తిరిగి కేకేసింది. "ఏమయ్యా, విన్నావా? పొరపాటంట! పూజ అయ్యాక ఇంటికెళ్ళి అన్నం తిందాం, లే!"

మరియదాసు చెయ్యెత్తి సరేనన్నట్టు ఊపాడు. ఆవిడ లోపలికి వెళ్ళేదాకా ఆగాడు. అప్పుడు ఫిలిప్ మణికట్టు పట్టుకున్నాడు.

"ఆ గుర్తు క్రిస్టినమ్మ చేత నేనే పెట్టించా. మళ్ళీ పెట్టు బాబూ. బోర్డు మీద వద్దు. ఫాదర్ గారి కాయితంలో పెట్టు."

"అదేంటి బాబాయ్?"

"వాణ్ణి ఆ బెంగాల్లోనే పూడ్చి వచ్చాను."