మొదటి వరస

పదింటికి మొదలైన మీటింగు మధ్యాహ్నం రెండైనా తెమల్లేదు. తగువు చిన్నదే. పెళ్ళి సంబంధాలు వెతికిపెట్టే వెబ్‌సైటు వాళ్ళది. అడిగిన షరతులకు ఎవరూ సరిపోకపోతే సెర్చ్ ఫంక్షన్ ఏం చూపించాలి?

"ఖాళీ," అంది హెడ్ ప్రోగ్రామర్. "లేనప్పుడు లేరని చెప్పాలి సార్. ఏ క్వెరీకైనా అదే మర్యాద."

"ఖాళీ చూపిస్తే కస్టమర్ పక్క వెబ్‌సైటుకి పోతుంది మేడమ్," అన్నాడు డైరెక్టర్. ఆ ఫంక్షన్ ఆయన స్వహస్తాలతో రాసింది. దాని మీద ఈగ వాలనివ్వడు. ఎవరూ కుదరకపోతే, ఇంకా పెళ్ళికాని వాళ్ళ పట్టికలో మొదటి వరసలో ఎవరుంటే వాళ్ళని చూపించేస్తుందది.

ప్రస్తుతం ఆ మొదటి వరసలో ఉన్నది యాభై రెండేళ్ళ ఓడ వంటవాడు.

ఆమె ఒక ఫిర్యాదు తీసి చదివింది. "'ఐదు షరతులు పెట్టాను. ఎలా వెతికినా ఆ ఓడ వంటాయనే వస్తున్నాడు. మా బాబాయి కంటే పెద్దవాడు. ఎవరూ లేకపోతే లేరని చెప్పండి, ఒక పూట ఏడ్చి ఊరుకుంటాను. ఆశపెట్టి చంపకండి.' ఇలాంటివి ఈ నెల్లో రెండొందల పన్నెండు. ఇవాళ మార్చకపోతే నా రాజీనామా తీసుకోండి."

టెస్టింగ్ వాళ్ళిద్దరూ నవ్వాపుకుంటూ బల్లకేసి చూస్తున్నారు.

డైరెక్టర్ తొణకలేదు. "మన మొట్టమొదటి కస్టమర్ సంగతేంటి మరి? ఆవిడా ఐదు షరతులే పెట్టింది. అప్పటికి పట్టికలో ఉన్నదే ఒక్క వరస. అదీ ఫంక్షన్ పనిచేస్తుందో లేదో చూసుకోడానికి ఎక్కించింది. ఆ మనిషినే చేసుకుంది. పదకొండేళ్ళయింది, ఒక్క ఫిర్యాదు చేసిందా?"

"చేసే ఉంటుంది. వినే నాథుడు లేడేమో. ఐదింట్లో కుదిరింది ఒక్కటే సార్. ఊరు."

"అయినా చేసుకుందిగా!"

"ఆ రోజు ఖాళీ వచ్చుంటే?"

డైరెక్టర్ నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. పదకొండేళ్ళుగా ఖాళీని గడప తొక్కనివ్వని మనిషి అరనిమిషం పాటు ఖాళీయే తిరిగిచ్చాడు.

"అందుకే వద్దంటున్నాను," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి.

ఆమె కోపం సగం దిగిపోయింది. "ఏదో ఆ మొదటాయనకి కలిసొచ్చింది. అంత అదృష్టం అందరికీ ఎక్కడ పడుతుంది? సంతకం పెట్టండి."

పెట్టాడు. 'ఎవరూ లేరు' అనే రెండు మాటలు నేర్చుకోవడానికి ఆ వెబ్‌సైటుకి పదకొండేళ్ళు పట్టింది. టెస్టింగ్ వాళ్ళు బతుకు జీవుడా అని బయటపడ్డారు.

గది ఖాళీ అయ్యాక, ఆ మొట్టమొదటి కస్టమర్, ఆయన సంతకం పెట్టిన కాగితాన్ని తన ఫైల్లో పెట్టుకుని, "ఏవండీ, ఇక కారు తీయండి, పాప స్కూలు గేటు దగ్గర నిలబడి ఉంటుంది," అంది.