గొంతు మంట

"కోడలికి చెప్పొద్దురా. నోరు మూసుకోనుండు," అంది కనకం కొడుకుతో, ఆస్పత్రిలో కోడలి మంచం పక్కనే నిలబడి.

చెప్పింది తెలుగులో. బస్సులోనైనా బజారులోనైనా, గుట్టుమాట వచ్చిందంటే ఆ ఇంటివాళ్ళు తెలుగులోకి దిగిపోతారు. పుదుచ్చేరిలో చుట్టూ తమిళమే గదా, ఎవరికి తెలుస్తుంది? కోడలు పూంగొడిదీ తమిళమే. తల్లీకొడుకులు అట్లా మాట్లాడుకుంటుంటే టీవీ చూస్తూ కూర్చుంటుంది, పాపం.

పొద్దున ఆమెకు మత్తిచ్చి, దవడలో అడ్డం తిరిగిన జ్ఞానదంతం కోసి తీశారు. ఇంకా మగతగానే ఉంది. ఇంతలో కొడుకు శరవణన్ సెల్ మోగింది. అరియాంకుప్పంలో పూంగొడి నాన్న, నిన్న కూడా వచ్చి కూతురికి ధైర్యం చెప్పిపోయిన మనిషి, గుండె ఆగి పోయాడు.

"కడసారి మొగం చూడకపోతే ఎట్లమ్మా? పొద్దుగూకేలోపల ఎత్తేస్తారంట," అన్నాడు శరవణన్.

"ఏడిస్తే కుట్లు తెగుతాయిరా! నెత్తురు కారితే ఎవురు దిక్కు? రేపు నిదానంగా చెప్తాము. నువ్వు పోయి మాల వేసి రా."

పూంగొడి కళ్ళు తెరిచింది. గొంతు పట్టుకుంది. కన్నీళ్ళు దిండులోకి జారాయి.

"గొంతు మంటా, కన్నా?" కనకం తమిళంలోకి మారింది. పూంగొడి తలూపింది.

"ఊపిరికని గొట్టం పెట్టాం కదమ్మా, లోపల ఒరుసుకుపోయి ఉంటుంది. రెండ్రోజుల్లో తగ్గుతుంది," అంది నర్సు.

"గొట్టం దూర్చినోళ్ళ చేతులు పడిపోనూ!" కనకం తెలుగులో తిట్టి, చల్లటి నీళ్ళు చెంచాతో పట్టింది. ఒక్క చుక్క దిగలేదు. మింగలేక నానా తిప్పలు పడింది పిల్ల.

"అప్పా?" అంది బొంగురుగా.

"జొరమంట. రేపొస్తాడు," అని కనకం మొగం తిప్పుకుంది. అబద్ధమాడటం ఆమెకూ చేతకాదు. ఆడపిల్ల లేని మనిషి, ఈ పిల్లంటే ప్రాణం.

మళ్ళీ కొడుకు వైపు తిరిగి తెలుగులో అంది: "బయల్దేరు. పిల్ల లేవలేదని చెప్పు. కాచుకోవద్దు, ఎత్తేసుకోమను."

శరవణన్ కళ్ళు తుడుచుకుని తలుపు దాకా వెళ్ళాడు.

పూంగొడి అత్త చెయ్యి పట్టుకుని లేచి కూర్చుని, గీరుకుపోయిన ఆ గొంతుతోనే, పెళ్ళయిన ఏడాదికి మొట్టమొదటిసారి తెలుగులో అంది: "నేను పొయ్యేదాకా మా నాయన్ను ఎత్తొద్దని చెప్పండత్తా."