ఆపమన్న మనిషి

మందుల షాపు కౌంటరు మీద పెట్టిన మాత్రల అట్ట మీద ముడతలు పడ్డ చెయ్యి ఒకటి వచ్చి పడింది.

"ఇవి ఎన్నాళ్ల నుంచి వాడుతున్నావు బాబూ?"

క్రేన్ ఆపరేటరు తల తిప్పి చూశాడు. ఎవరో ముసలాయన. ఎక్కడో చూసిన మొహంలా ఉంది, గుర్తు రాలేదు. నలిగిన చొక్కా, మాసిన గడ్డం.

"మీకెందుకండీ?"

"చెప్పు. ఎన్నాళ్లు?"

"తొమ్మిదేళ్లు. పొద్దున్నే ఒకటి పడకపోతే గుండెల్లో మంట. చెయ్యి తీయండి."

ముసలాయన చెయ్యి తీయలేదు. పక్కనున్న రెండో అట్ట వైపు చూశాడు.

"అది విరేచనాలు ఆగే బిళ్ల. ఎన్ని రోజులుగా అవుతున్నాయి?"

వెనక నిలబడ్డావిడ మొహం తిప్పుకుని నవ్వాపుకుంది. ఆపరేటరుకి తల కొట్టేసినట్టయింది.

"నాలుగు రోజులు. యార్డులో అంతెత్తున క్రేన్ క్యాబిన్లో కూర్చునే ఉద్యోగం నాది. కింద మనుషులు పనిచేస్తుంటే, వాళ్ల నెత్తిన ఇనుప దూలం వేలాడేసి నేను దొడ్డికి దిగిరావాలా?"

"ఈ మధ్య యాంటీబయాటిక్ ఏమైనా వాడావా?"

"పన్ను నొప్పికి వారం వాడాను. అయితే?"

ముసలాయన మొహం పాలిపోయింది.

"ఆ బిళ్ల వేసుకోకు బాబూ. ఇవాళే పెద్దాసుపత్రికి పో. తొమ్మిదేళ్లుగా గ్యాస్ మాత్ర వాడుతున్నానని మొట్టమొదట ఆ ముక్క చెప్పు."

షాపాయన విసుక్కున్నాడు. "ఈయన రోజూ ఇంతే. గ్యాస్ మాత్ర కొన్నవాళ్లందరి వెంటా పడతాడు. వెళ్లవయ్యా, నా బేరాలు చెడగొట్టకు."

ముసలాయన వినిపించుకోలేదు. ఆపరేటరు మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఒక్క మాట విను నాయనా."

ఆపరేటరు విదిలించుకున్నాడు. కాస్త గట్టిగానే. ముసలాయన తూలి, తలుపు పట్టుకుని, మెట్టు మీద కూలబడ్డాడు.

ఆపరేటరు వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయాడు.

బిళ్ల బాగానే పనిచేసింది. మర్నాటికి అన్నీ ఆగిపోయాయి.

"చూశావా, ఆ పిచ్చాయన మాట వింటే నా సెలవులన్నీ తగలడేవి" అన్నాడు భార్యతో.

భార్య నవ్వలేదు. అతని పొట్ట మీద చెయ్యి వేసి చూసింది.

"ఇంత బిగుసుకుపోయిందేంటండీ?"

"గాలి. అదే పోతుంది."

ఆ గాలి పోలేదు. మూడో రోజుకి బెల్టు పెట్టుకోవడానికి రాలేదు. బెల్టు లేకుండానే పనికెళ్లి నిచ్చెన ఎక్కాడు.

క్యాబిన్లో కూర్చున్న గంటకి ఒళ్లు కాలిపోవడం మొదలైంది. కళ్ల ముందు యార్డంతా అలికినట్టయింది. హుక్కుకి వేలాడుతున్న దూలం ఊగుతోంది. దాని కింద ఆరుగురు తలలు వంచి పనిచేసుకుంటున్నారు.

పళ్లు బిగబట్టి హారన్ కొట్టాడు. వాళ్లు చెదిరిపోయాక దూలాన్ని నేలకి దించాడు. ఆ తర్వాత ఏమైందో అతనికి గుర్తు లేదు. తాళ్లతో కట్టి కిందికి దించారట.

మళ్లీ కళ్లు తెరిచేసరికి ఆసుపత్రి. పొట్టకి పక్కగా ఒక సంచి అతికించి ఉంది.

"పెద్దపేగు చాలావరకు తీసేయాల్సి వచ్చింది" అంది డాక్టరమ్మ. "కడుపులో ఊరే యాసిడ్ కాపలా లాంటిది. ఏళ్ల తరబడి మాత్రతో దాన్ని అణిచేస్తే కొందరిలో చెడ్డ క్రిములకి దారి సులువవుతుంది. దానికి తోడు పంటి మందు పేగులో ఉన్న మంచి క్రిముల్ని చంపేసింది. ఇంతా అయ్యాక, బయటికి పోవాల్సిన విషాన్ని బిళ్ల వేసి లోపలే ఆపేశారు."

"ముందే వచ్చుంటే?"

ఆవిడ చూపు తిప్పుకుంది. "మందులతోనే తగ్గేదేమో."

ఆపరేటరు పొట్టకున్న సంచిని తడిమి చూసుకున్నాడు. ఇక నిచ్చెన ఎక్కే పని లేదని ఎవరూ చెప్పకుండానే అర్థమైంది.

"మందుల షాపు దగ్గర ఒక ముసలాయన ఉంటాడు. వెతికి తీసుకురా" అన్నాడు భార్యతో. "తోసేశాను ఆయన్ని. తప్పయిందని చెప్పుకోవాలి."

భార్య సాయంత్రానికి ఒక్కతే తిరిగొచ్చింది. స్టూలు మీద కూర్చుని దుప్పటి అంచు సర్దింది.

"లేడండి. మొన్న నిద్రలోనే పోయాడట."

ఆపరేటరు మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"ఆయన గదికి వెళ్లాను. గోడ నిండా పేర్లేనండి. అన్నీ మీ యార్డు వాళ్లవే. మాత్ర మానేసినవాళ్లవి కొట్టేసేవాడట. మీ పేరు కొట్టెయ్యలేదు."

"నా పేరు ఆయనకెలా తెలుసు? ఎవరాయన?"

భార్య అతని చెయ్యి పట్టుకుంది.

"అప్పట్లో మీ యార్డు డిస్పెన్సరీ డాక్టరటండీ. ఆ మాత్ర ఎప్పుడు ఆపాలో చెప్పకుండా మీ అందరికీ మొదట రాసిచ్చింది ఆయనేనట."