జేబు లేని గౌను

డిసెంబరు 12, శుక్రవారం. పొద్దున మంచు, తర్వాత ఎండ. కాఫీ పళ్లు వాకిట్లో ఎండబోశాను.

మా అమ్మాయి సోని పెళ్లి గౌనుకు జతగా, మిగిలిన తెల్ల శాటిన్‌తో పర్సు కుట్టాను. పోయిన వారం గౌను తొడుక్కుని చూసి నన్ను వెక్కిరించింది.

"అయ్యా, దీనికి జేబు లేదు. ఫోనెక్కడ ఎట్టుకోవాల? పర్సు బేగి కుట్టు. నీకోసం సూస్తే పెళ్లే అయిపోద్ది."

పర్సు మూతకు ఇనప బొత్తం పెట్టాను. నా భార్య సోములమ్మ అది చూసి కత్తెర అందుకుంది.

"ఇనుం మట్టిలోకి ఎల్లకూడదు. తెల్దేటి నీకు?"

తెలుసు. నిన్న శవపెట్టెకు నేనే కర్రమేకులు కొట్టాను.

బొత్తం తీసేసి, మూతను దారంతో కుట్టేశాను. సోములమ్మ పర్సును పెట్టెలో సోని చేతి కింద ఉంచింది.

సమాధుల దగ్గర నుంచి వచ్చేసరికి పొద్దుపోయింది. మళ్లీ మంచు దిగుతోంది. వాకిట్లో కాఫీ పళ్లు ఇంకా ఎత్తలేదు.