సగం నల్లబడిన పటం

తెల్లవారినప్పటి నుంచి పాకాల మీద మబ్బు కమ్మి ఉంది. ఇల్లు చీకటిగా ఉందని, ఫోటో తీయడానికి వచ్చిన మునికుమార్ కెమెరాకు ఫ్లాష్ పెట్టాడు. జ్ఞానాంబ పక్కన, రిజిస్టరు పెళ్లి చేసుకుని తొలిసారి ఇంటికొచ్చిన కోడలు రెబెకాను నిలబెట్టి, కెమెరా నిలువుగా తిప్పి నొక్కాడు. రెబెకా ఉన్న వైపంతా నల్లగా పడింది.

"కెమెరా చెడిపోయిందాప్పా?" అన్నాడు జ్ఞానాంబ కొడుకు ధనంజయ.

"లేదబ్బా. షట్టరు స్పీడు ఐనూరులో ఉండాది. అంత తొందరగా మూసుకుంటే ఫ్లాష్ సగానికే అందతాది. ఇన్నూరుకు దించి ఇంకోటి తీస్తా."

రెబెకా కొంగు సర్దుకుని మళ్లీ నిలబడింది.

జ్ఞానాంబ కెమెరా తెర చూసింది. "ఇంకోటెందుకు నాయనా? నేను బాగా పడినాను గదా. దీన్నే పటం కట్టించు."

రెబెకా మొగుడి వైపు చూసింది.

"అమ్మ చెప్పింది గదా, అదే కట్టించప్పా," అన్నాడు ధనంజయ. "రాండి, అన్నం తిందాం."

నలుగురూ వరుసగా కూర్చుని తిన్నారు.