కవరింగ్ లెటర్ తప్పనిసరి

మనిషిని ముంచాలంటే ముందు అతని చేత కవరింగ్ లెటర్ రాయించాలన్నది ప్రేమ్‌చంద్ సిద్ధాంతం.

“లెటర్ అడిగే కంపెనీని ఎవడూ అనుమానించడురా,” అన్నాడు, కొత్తగా చేరిన శిష్యుడు కోటేష్‌తో.

ఊరు మారినప్పుడల్లా కంపెనీ పేరుతో పాటు మొహమూ కాస్త మార్చడం అతని అలవాటు. ఈసారి మీసం తీసేసి కళ్లజోడు పెట్టాడు. గుంటూరు మిర్చి యార్డు దగ్గర మేడ మీద గది అద్దెకు తీసుకుని, ఎగుమతుల కంపెనీ అని బోర్డు కట్టాడు. ఉద్యోగాలిస్తామని ప్రకటన, చేరేవాళ్ల దగ్గర డిపాజిట్, ఆ తర్వాత రైలు. అంతే పథకం. వచ్చిన లెటర్లను విప్పకుండానే, కవర్ల మీది అడ్రసులకు ఇంటర్వ్యూ కబురు పంపి, కట్టగట్టి కుంటి బల్ల కాలి కింద పెట్టారు.

ఇంటర్వ్యూకి మొదట శ్రీరమ్య వచ్చింది. అతని పై పెదవి కేసి ఒక్క క్షణం చూసి, కుర్చీలో కూర్చుంది.

“మీ కవరింగ్ లెటర్ అద్భుతం అమ్మా! ముఖ్యంగా మొదటి వాక్యం,” అన్నాడు ప్రేమ్‌చంద్. ఏ ఊళ్లోనైనా అందరితోనూ అనే మాటే అది.

“నిజంగా చదివారా సార్?”

“రెండుసార్లు చదివానమ్మా.”

శ్రీరమ్య కళ్లు చెమర్చాయి. “చదివి కూడా పిలిచారంటే మీది పెద్ద మనసు సార్.”

“దానికేముందిలే. మరి డిపాజిట్...”

“కట్టేశాను కదా సార్!”

ప్రేమ్‌చంద్ కోటేష్ వైపు చూశాడు. వాడు కిటికీలోంచి మిర్చి లారీలను చూస్తున్నాడు. ‘అప్పుడే నొక్కేశాడన్నమాట. పారిపోయే రోజున వీడి సంచీ తిరగేస్తా’ అనుకున్నాడు గురువు. ‘నాకు తెలియకుండా ముందే లాగేశాడు’ అనుకున్నాడు శిష్యుడు. దొంగలు కనక ఒకరినొకరు అడగలేదు.

మర్నాడు పొద్దున్నే శ్రీరమ్య వచ్చి, గది ఊడ్చి, ఫోను పట్టుకుని కూర్చుంది.

“ఎవరికమ్మా ఫోను?”

“కాయలు కొనేవాళ్లకి సార్. కంపెనీ అన్నాక ఏదో ఒకటి అమ్మాలి కదా!”

ప్రేమ్‌చంద్‌కు ఆ ఆలోచన అంతవరకూ రాలేదు.

వారం తిరిగేసరికి చెన్నైలో కారంపొడి చేసేవాళ్లు శాంపిల్ పంపమన్నారు. ఆమె యలమందయ్య అనే రైతును వెంటబెట్టుకొచ్చింది. ఆయన గుప్పెడు ఎండుమిరపకాయలు తీసి, ప్రేమ్‌చంద్ చెవి దగ్గర నలిపాడు.

“గింజ గలగలలాడుతోందా బాబూ? అదీ ఎండిన కాయంటే!”

ప్రేమ్‌చంద్ సమాధానంగా తుమ్మాడు. మళ్లీ తుమ్మాడు. కళ్లజోడు ఎగిరి పడింది.

“ఇదేం కంపెనీ అమ్మాయ్, ఓనరే తుమ్ముతున్నాడు!” అన్నాడు యలమందయ్య.

శ్రీరమ్య నవ్వలేదు. తన క్యారియర్‌లోంచి మజ్జిగ గ్లాసులో పోసి, అతని ముందు పెట్టింది. తన కోసం ఎవరైనా ఏదైనా తెచ్చి ఎన్నాళ్లయిందో ప్రేమ్‌చంద్‌కు గుర్తు రాలేదు.

శాంపిల్ నచ్చింది. ఆర్డరొచ్చింది. తాలుకాయలు ఏరడానికి సర్దార్‌బీనీ, లెక్కలకు సాదిక్‌నీ ఆమే తీసుకొచ్చింది.

“మా ఊరివాళ్లే సార్. వీళ్లూ డిపాజిట్ కట్టినవాళ్లే.”

“వీళ్లు కూడానా!”

“కట్టకుండా ఎట్టా ఉంటామండీ?” అంది సర్దార్‌బీ, కాస్త ఘాటుగానే.

గురువు శిష్యుణ్ణి కొరకొరా చూశాడు. శిష్యుడూ గురువును కొరకొరా చూశాడు.

చివరికి చెన్నై అడ్వాన్సు కంపెనీ ఖాతాలో పడింది. కోటేష్ పరుగున వచ్చి చెవిలో చెప్పాడు. “అన్నా, ఇంతకంటే మంచిరోజు రాదు. సాయంత్రం బండికి జంపైపోదాం!”

ఇద్దరూ సంచులు భుజాన వేసుకుని మెట్లు దిగారు. కింద లారీకి సరుకు ఎత్తుతున్నారు. సర్దార్‌బీ ఓ బస్తా మూతి విప్పింది. ఘాటు గుప్పుమంది. ప్రేమ్‌చంద్ అలవాటుగా ముక్కు మూసుకోబోయాడు.

తుమ్ము రాలేదు.

“సార్, మీ మజ్జిగ బల్ల మీద పెట్టాను,” అని కేకేసింది శ్రీరమ్య, లారీ పక్కనుంచి.

ప్రేమ్‌చంద్ ఆగిపోయాడు. “నేను రానురా. నువ్వు పోతే పో. కానీ వీళ్ల డిపాజిట్లు ఇక్కడ పెట్టి పో. ఎవరిది వాళ్లకిచ్చేస్తా.”

“నా దగ్గరెక్కడివి? తీసుకుంది నువ్వు కదన్నా!”

“నేనా? నీమీదొట్టు, పైసా ముట్టలేదురా!”

ఇద్దరూ నోళ్లు తెరుచుకుని ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు.

“మరి ఎవరికి కట్టినట్టన్నా?”

“ఏమోరా... లెటర్లో ఏమన్నా రాసిందేమో!”

మళ్లీ మెట్లెక్కారు. కోటేష్ బల్ల కింద దూరి కట్ట లాగాడు. బల్ల ఒరిగింది. జారిపోతున్న మజ్జిగ గ్లాసును ప్రేమ్‌చంద్ గభాల్న పట్టుకున్నాడు. కోటేష్ శ్రీరమ్య కవరు చింపి, ఆ అద్భుతమైన మొదటి వాక్యాన్ని పైకి చదివాడు:

“అయ్యా, కిందటేడు దర్శిలో మా ముగ్గురి దగ్గరా డిపాజిట్ కట్టించుకుని, మీరు ఇవ్వడం మర్చిపోయి వెళ్లిన ఉద్యోగం కోసం ఈ దరఖాస్తు.”