మూత తియ్యకండి

...గొంతు దిగాక గానీ తెలియలేదు, తను మింగిందేమిటో. ఇప్పుడు గొంతులో వేలు పెట్టుకున్నా లాభం లేదు. ఛాతీ డాక్టరుకి ఆ మాత్రం తెలుసు. అది లోపల కరుగుతోందా, ఉబ్బుతోందా? ఒంట్లో దానంతటదే కరిగిపోయే ప్లాస్టిక్ అనే చెప్పింది, దాన్ని తయారుచేసిన శాస్త్రవేత్త. ఎన్నాళ్ళకి కరుగుతుందంది? నెలలు పడుతుందన్నట్టు గుర్తు. అంటే నెలల తరబడి, లేని టీబీకి తన కడుపు మందు పుచ్చుకుంటూ కూర్చుంటుందన్నమాట. పైగా తియ్యగా ఉంది. చర్మం కింద పెట్టే గుళికకి తీపెందుకు? రుచి చూడ్డానికి చర్మానికి నాలుకేమైనా ఉందా?

ఎదురుగా ప్రయోగశాల బల్ల మీద చిన్న పింగాణీ గిన్నె మూతతో సహా అమాయకంగా కూర్చుని ఉంది. ఆ మూత పెట్టింది తనే. దాని కింద ఇప్పుడేమీ లేదు.

తప్పంతా చేతిది. ఆయన ఆసుపత్రిలో రోగులు మాత్రలు సిబ్బంది కళ్ళెదుటే మింగాలి. మింగాక నోరు తెరిచి, నాలుక పైకెత్తి చూపించాలి. కింద ఏమీ దాచలేదని తేలితే, చేదు పోవడానికి గిన్నెలోంచి ఒక పిప్పరమెంటు బిళ్ళ ఇస్తారు. డాక్టరు అటు వెళ్తూ ఒకటి, ఇటు వస్తూ ఒకటి నోట్లో వేసుకుంటాడు. చాలా రోజులు ఆయన మధ్యాహ్న భోజనం అదే. రెండో డాక్టరు కుర్చీ ఏళ్ళుగా ఖాళీ. ఇప్పుడందులో ఎక్స్‌రే కవర్లు కూర్చుంటున్నాయి. డాక్టరీ చదివిన మేనల్లుణ్ణి బతిమాలితే వాడు చర్మవ్యాధుల వైపు వెళ్ళిపోయాడు. "మొటిమలు మన మొహాన దగ్గవు మామయ్యా," అన్నాడు వెళ్తూ.

అందుకే ఆయనకి ఈ గుళిక మీద అంత ఆశ. చర్మం కింద పెడితే చాలు, కాస్త కాస్తగా మందు వదిలి చివరికి తనే మాయమైపోతుంది. రోగులు రోజూ రానక్కర్లేదు. ఒక్క డాక్టరుతోనే నెట్టుకురావచ్చు. అన్నం వేళకి అన్నం తినొచ్చు. నిధులిచ్చే పెద్దాయన ఇంకాసేపట్లో వచ్చి గుళికని కళ్ళారా చూడబోతున్నాడు. చేసినవన్నీ పగిలిపోగా నిలిచింది ఆ ఒక్కటే. "మీరు కూడా ఒక మాట చెబితే ఆయన ఒప్పుకుంటారు," అని శాస్త్రవేత్త డాక్టరుని పిలిపించింది. మూత తీసి, దూరం నుంచే చూపించింది. అంతలో లోపల ఫోను మోగింది. ఆవిడ అటు వెళ్ళింది, ఈయన చెయ్యి ఇటు వెళ్ళింది.

తలుపు చప్పుడైంది. ఆవిడ వస్తూనే గిన్నె వంక చూసింది.

"మూత మీరు పెట్టారా డాక్టరు గారూ?"

"దుమ్ము పడుతుందని."

"మంచి పని చేశారు. ఇంక తియ్యకండి. గాలి తగిలితే పాడవుతుంది."

"తియ్యకపోవడమే మంచిది," అన్నాడాయన, పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టు.

ఆవిడ సీసా ఎత్తి గటగటా నీళ్ళు తాగింది. ఆయన వచ్చినప్పట్నుంచీ తాగుతూనే ఉంది.

"అన్నట్టు, ఎవరైనా పొరపాటున ఆ గుళిక మింగేస్తే ఏమవుతుందంటారు?"

అయిపోయింది. కనిపెట్టేసింది.

"మింగడమా? దాన్నెవరు మింగుతారమ్మా?"

"మాటవరసకి అడిగాను."

"ఏమీ కాదు. ఉన్న మందు కాస్తే కదా. మహా అయితే మూత్రం నారింజ రంగులో వస్తుంది."

"ఎంతసేపటికి?"

ఏం అడగడం ఇది, పోలీసుల్లాగా. ఆయన చొక్కా మెడ వదులు చేసుకున్నాడు. "మనిషిని బట్టి ఉంటుంది."

ఆవిడ ఇంకో గుక్క తాగి, మెల్లగా అసలు విషయంలోకి దిగింది. "మీ ఆసుపత్రిలో కొన్నాళ్ళు కూర్చున్నాను కదండీ, మీ పిప్పరమెంట్లు నాకూ అలవాటైపోయాయి. పనిలో ఉంటే చెయ్యి ఎటు పోతోందో కూడా చూసుకోను."

ఎర వేస్తోంది. తన నోటితోనే చెప్పించాలని చూస్తోంది. ఆయన గుటక వేశాడు. ఆ గుటక గది అంతా వినపడ్డట్టనిపించింది.

కింద కారు తలుపు పడిన చప్పుడు. మెట్ల మీద బూట్లు. ఇద్దరూ ఒకేసారి గిన్నె వైపు చూశారు. ఇద్దరి చేతులూ ఒకేసారి మూత మీద పడ్డాయి.

"నేను చూసుకుంటాను, మీరుండండి," అందావిడ.

"పర్లేదు, నేను పట్టుకుంటాను," అన్నాడాయన.

మాత్ర నాలుక కింద దాచుకున్న రోగి మొహం ఎలా ఉంటుందో ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. మరీ నిటారుగా కూర్చుంటారు. అవసరం లేని చోట నవ్వుతారు. తను ఇప్పుడు అచ్చం అలాగే కూర్చున్నాడు. ఇన్నేళ్ళుగా ఎంతమందిని గద్దించాడు, సిగ్గులేదా అని. చెప్పేద్దామనుకున్నాడు. బూట్ల చప్పుడు మలుపు తిరిగింది.

డాక్టరు ఆవిడ వైపు తిరిగి, నోరు బార్లా తెరిచి, నాలుక పైకెత్తాడు.

ఆవిడ నోటి లోపలికి చూసింది. మూత తీసి గిన్నెలోకి చూసింది. ఆయన అనుకున్నట్టు కేకలు వెయ్యలేదు. నీరసంగా కూలబడింది.

"తియ్యగా ఉందా?"

నాలుక దించకుండానే తలూపాడాయన.

"కాస్త చల్లగా కూడా ఉందా?"

మళ్ళీ ఊపాడు.

"అసలు గుళిక పరమ చేదు డాక్టరు గారూ."

ఆయన నోరు మూసుకున్నాడు. "ఆ సంగతి మీకెలా తెలుసమ్మా?"

ఆవిడ మెల్లగా నోరు తెరిచి, నాలుక పైకెత్తి చూపించింది.